తీరిక – కాపలా : ఒక చారిత్రక పరిశీలన

మన సాహిత్య విమర్శ శ్రమ గురించి చాలా మాట్లాడింది. మాట్లాడవలసిందే. కూలి, వెట్టి, సమ్మె, ఆకలి మన కథల్లోకీ కవిత్వంలోకీ వచ్చిన తీరు మీద ఎన్నో వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు వెలువడ్డాయి. కాని పని ముగిసిన తరవాత మనిషి ఏం చేస్తాడన్న ప్రశ్నను మనం అంత పట్టుదలగా వేసుకోలేదు. తీరిక ఉన్నవాళ్ల వ్యవహారమనీ, కాలక్షేపం గంభీరమైన చర్చకు తగిన వస్తువు కాదనీ ఒక అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఈ అభిప్రాయం సరైంది కాదని నా వాదన.

తీరిక కూడా ఉత్పత్తి సంబంధాల్లో భాగమే. దాన్ని శ్రామికవర్గం పోరాడి సంపాదించుకుంది. సంపాదించుకున్న తీరికలోకి పెట్టుబడి మళ్లీ ఏ దారిన ప్రవేశించిందో, ప్రవేశించాక దానికి కాపలా కాసే బాధ్యతను ఎవరి నెత్తిన పెట్టిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. కంప్యూటరు భద్రత అనగానే అదేదో ఇంజనీర్లకు సంబంధించిన సాంకేతిక విషయమని మనం పక్కకు తప్పుకుంటాం. కాని తీరిక చరిత్రనూ ఆ భద్రత చరిత్రనూ కలిపి చదివితే తప్ప ఇవాళ్టి నిత్యజీవితం మనకు అర్థం కాదు.

1

మన పల్లెల్లో పనికీ తీరికకూ మధ్య గడియారం గీసిన గీత ఉండేది కాదు. ఏరువాకతో మొదలైన పని కోతలు, నూర్పిళ్లు అయ్యేదాకా సాగేది. ఆ తరవాత తోలుబొమ్మలాటలు, వీధి భాగవతాలు. అమావాస్యనాడు అరక కట్టకపోవడం చాలా ఊళ్లలో ఆచారం. దీన్ని చూసి పూర్వకాలంలో అందరికీ తీరిక దండిగా ఉండేదని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ తీరిక ఎవరిదని వాళ్లు అడగరు. ఏడాది జీతానికి కుదిరి పశువుల కొట్టంలోనే పడుకునే పాలేరుకు పగలే కాదు, రాత్రి కూడా తనది కాదు. గడీ నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా చేతిలో పని వదిలి పోవలసిన వెట్టివాడికి తన కాలమంటూ ఏదీ లేదు. వెట్టిచాకిరీని రద్దు చేసే కేంద్ర చట్టం 1976లో గాని రాలేదు.

ఫ్యాక్టరీతో గడియారం వచ్చింది. పనిగంటలు కొలతకు వచ్చాయి. కొలతకు వచ్చినప్పుడే వాటిని తగ్గించాలన్న పోరాటానికీ వీలు కలిగింది. 1886 మే 1న అమెరికాలో ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు సమ్మెకు దిగడం, షికాగో ఉద్యమ నాయకుల్లో నలుగురిని 1887 నవంబరులో ఉరితీయడం మనందరికీ తెలిసిన చరిత్రే. మన దేశపు చరిత్ర మనకు అంత తెలియదు. 1881లో వచ్చిన తొలి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల పనిని రోజుకు 9 గంటలకు పరిమితం చేసింది. పెద్దల పనిగంటల ఊసే అందులో లేదు. బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి మిల్లు కార్మికులను కూడగట్టి, సభలు జరిపి, సంతకాలు సేకరించిన ఫలితంగా 1890 జూన్‌లో మిల్లు యజమానులు వారానికొక సెలవు దినానికి ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది చట్టంలోకి కూడా వారపు సెలవు వచ్చింది. ఇవాళ మనం ఏ ఆలోచనా లేకుండా అనుభవిస్తున్న ఆదివారం వెనక ఇంత కథ ఉంది.

1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్ల పనికి 12 గంటల పరిమితి పెట్టింది. 1918 ఏప్రిల్‌లో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడినప్పుడు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికుల ఫిర్యాదుల్లో మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే వ్యవధి చాలడం లేదన్నది ఒకటి. ఆ పోరాటం మొదట కూలి కోసమే కాదు, నిమిషాల కోసం కూడా. తరవాత 1922లో రోజుకు 11 గంటలు, 1934లో 10 గంటలు, 1948లో రోజుకు 9, వారానికి 48 గంటలు పరిమితిగా చట్టానికెక్కాయి. 1881 నుంచి 1948 దాకా అరవై ఏడేళ్లు పట్టింది. ఆ గంటల్లో ఒక్కటి కూడా యజమాని దయతో రాలేదు.

ఈ చరిత్రకు రెండు సవరణలు చేర్చుకోవాలి. మొదటిది, గడియారం చూసి ఇంటికి వచ్చిన మగవాడికి దొరికిన తీరిక ఆడవాళ్లకు దొరకలేదు. 2019లో మన దేశంలో జరిగిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దాని మీద వెచ్చిస్తే, ఆ పనిలో పాలుపంచుకునే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. రెండోది, గెలుచుకున్నది శాశ్వతంగా మిగలదు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పని గరిష్ఠ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. ఆ మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం వ్యాపార సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది. వారానికి 48 గంటలు దాటదు గదా అని సమర్థించేవాళ్లున్నారు. రోజు అనే కొలతను సాధించుకోవడానికి పట్టిన కాలాన్ని వాళ్లు గుర్తుచేసుకోవాలి.

2

సంపాదించుకున్న తీరికను మనవాళ్లు ఏం చేసుకున్నారు? ఇక్కడ తెలుగు నేల చరిత్ర గర్వించదగినదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. చదువు రానివాళ్లకు చదివి వినిపించడం కూడా గ్రంథాలయం పనేనని ఆ ఉద్యమం నమ్మింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపారు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. పగలంతా పనిచేసి వచ్చిన జనం రాత్రిపూట బుర్రకథ ముందు కూర్చున్నారు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ నాటకం 1947 నుంచి ఊరూరా ఆడింది.

దీనికి పాలకులు ఎలా స్పందించారో చూస్తే తీరిక ఎంత గంభీరమైన విషయమో తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వం ‘మాభూమి’ని నిషేధించింది. అలాంటి నిషేధాలకు దారి వేసిన నాటక ప్రదర్శనల చట్టం 1876 నాటిది. తెల్లవాడు వెళ్లిపోయాక కూడా అది కేంద్ర చట్టాల పుస్తకంలో ఉండి, 2018లో గాని రద్దు కాలేదు. అంటే జనం సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తారు, చూసి ఏం మాట్లాడుకుంటారు అన్నది పాలకవర్గానికి ఎప్పుడూ కాలక్షేపం విషయం కాదు.

తరవాతి దశలో నిషేధం కన్న సమర్థమైన పద్ధతి వచ్చింది. 1957లో మొదలైన వివిధభారతిలో 1967 నుంచి ప్రకటనలు ప్రవేశించాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టెలివిజన్ చూపించిన ప్రయోగంలో మన రాష్ట్రమూ ఉంది. అప్పుడు ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చుంది. మొదట ఊరికొకటిగా వచ్చిన పెట్టె, తరవాత ఇంటికొకటయింది. చివరికి ఒక్కొక్క చేతికి ఒకటి వచ్చింది. చూసే వస్తువు మారడం ఒక్కటే కాదు, చూసేవాళ్ల మధ్య సంబంధమూ మారింది. బుర్రకథ ముందు కూర్చున్నవాడు పక్కవాడి ముఖం చూసేవాడు. చేతిఫోను ముందు కూర్చున్నవాడికి పక్కవాడు అక్కర్లేదు. ఐతే పూర్వం ఎన్నడూ లేని ఒక విచిత్రం జరిగింది. ప్రేక్షకుడు తెరను చూస్తూ ఉంటే, తెర ప్రేక్షకుణ్ణి చూడడం మొదలుపెట్టింది. ఎక్కడ ఆగాడు, దేన్ని రెండుసార్లు చూశాడు, ఏ వేళకు నిద్రపోయాడు అన్నది లెక్క కట్టి ప్రకటనదారుకు అమ్మే వ్యాపారమే ఇవాళ ప్రపంచంలోని అతిపెద్ద వ్యాపారాల్లో ఒకటి. 2017లో ఒక అమెరికన్ వినోద సంస్థ అధిపతి తమకు పోటీ మనిషి నిద్రేనని బాహాటంగా చెప్పాడు. పనిగంటల మీద జరిగిన బేరం ఇప్పుడు నిద్రగంటల మీదికి వచ్చింది.

3

ఇప్పుడు రెండో చరిత్రకు వస్తాను. అదీ కాలం పంపకంతోనే మొదలైంది.

కంప్యూటరులో పాస్‌వర్డు ఎందుకు పుట్టింది? దొంగల భయంతో అని మనం అనుకుంటాం. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని అనేకమంది ఏకకాలంలో వాడుకునే పద్ధతిని రూపొందించింది. అప్పట్లో కంప్యూటరు గదినంతా ఆక్రమించే ఖరీదైన యంత్రం. దాని గంటలను పరిశోధకులకు వంతులవారీగా పంచారు. ఎవరి ఫైళ్లు వాళ్లకు, ఎవరి గంటలు వాళ్లకు విడివిడిగా ఉంచడానికి ఒక్కొక్కరికి ఒక రహస్యపదం ఇచ్చారు. కంప్యూటర్లలో పాస్‌వర్డు వాడకానికి తొలి ఉదాహరణల్లో ఇది ముఖ్యమైనది.

1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకు కేటాయించిన వారానికి 4 గంటలు చాలలేదు. యంత్రంలో ఉన్న ఫైలును కాగితం మీద అచ్చువేయించుకునే ఏర్పాటు అప్పట్లో ఉంది. ఒక శుక్రవారం రాత్రి అతను పాస్‌వర్డుల ఫైలునే అచ్చువేయమని కోరాడు. తెల్లారేసరికి అందరి రహస్యపదాలూ అతని చేతిలో ఉన్నాయి. చాలా ఏళ్ల తరవాత తనే ఈ సంగతి బయటపెట్టాడు. మనకు తెలిసిన తొలి పాస్‌వర్డు దొంగతనం ఇదే. అతను దొంగిలించింది డబ్బు కాదు, సమాచారం కూడా కాదు. మరికొన్ని గంటల యంత్రకాలం కోసం ఆ పని చేశాడు. కాలం కొరతగా ఉన్నచోట, దాన్ని పై నుంచి పంచినచోట, తాళమూ పుడుతుంది, మారుతాళమూ పుడుతుంది.

మన దేశంలోనూ కంప్యూటరు కాలం ప్రశ్నతోనే అడుగుపెట్టింది. 1960ల్లో కలకత్తా జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటరు పెట్టడాన్ని ప్రతిఘటించినప్పుడు వాళ్లను ప్రగతి నిరోధకులన్నారు. వాళ్ల భయం ఉద్యోగాల గురించి. కాని ఆ భయంలో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. యంత్రం ఆదా చేసే గంటలు ఎవరికి చెందుతాయి? పనివాడికి తీరికగా వస్తాయా, యజమానికి లాభంగా పోతాయా? యంత్రం వద్దని నేను అనడం లేదు. ఆ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు రాలేదంటున్నాను.

పాస్‌వర్డు పరిశోధనశాల దాటి మామూలు జనంలోకి వచ్చేసరికి దాని నియమాలు బరువెక్కాయి. అందులో పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, తరచు మార్చాలి అన్న సూత్రాలు ప్రపంచమంతటా వ్యాపించడానికి 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఒక పత్రం ముఖ్య కారణం. 2017లో ఆ సంస్థే ఆ సలహాలను చాలావరకు వదులుకుంది. ఊరికే మార్చమనడం వల్ల జనం ఊహించడానికి సులువైన పదాలనే ఎంచుకుంటున్నారని తేలింది. పాత పత్రాన్ని రాసిన బిల్ బర్ తన సలహాల మీద విచారం వ్యక్తం చేశాడు. పద్నాలుగేళ్లు కోట్లాది మనుషులు ఆ నియమాలను మోశారు. గుర్తుండక చీటీల మీద రాసుకుంటే, మనుషులకు క్రమశిక్షణ లేదని వాళ్లనే నిందించారు.

4

ఈ రెండు చరిత్రలూ మన దగ్గర కలుసుకున్న సంవత్సరం 2016. ఆ ఏప్రిల్‌లో యూపీఐ ప్రారంభమైంది. సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్ ధర ఒక్కసారిగా పడిపోయింది. నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. పాటలు వినడానికీ సినిమా చూడడానికీ కొనుక్కున్న ఫోనే డబ్బు సంచి అయింది. సంచి అంగడి మధ్యలో, తెరిచి ఉన్న తలుపు పక్కన ఉంది. దాని కాపలా మాత్రం మనదే.

ఈ కాపలాకు మన జీవితంతో ఎంత పొంతన ఉందో చూడండి. రహస్య సంఖ్యను ఎవరికీ చెప్పవద్దని నియమం. మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే పెద్దమనిషికి చదువు రాదు. ఎవరైనా డబ్బు పంపాలన్నా, వచ్చింది చూడాలన్నా పదో తరగతి చదివే కూతురుకు ఫోను ఇచ్చి, అంకెలు చెప్పి నొక్కిస్తాడు. ఆ ఇంట్లో రహస్యం అంటే కుటుంబ రహస్యం. మనిషికొక రహస్యం, మనిషికొక ఫోను, ఇంగ్లీషులో వచ్చిన హెచ్చరికను చదివి క్షణంలో తేల్చుకోగల చదువు ఉన్నవాళ్లను ఊహించుకుని నియమాలు చేశారు. అవి లేనివాడు నియమం తప్పినవాడవుతాడు.

చట్టపు భాషలో దీని పేరు నిర్లక్ష్యం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో కొన్ని మంచి అంశాలున్నాయి. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు ఏ నష్టమూ ఉండకూడదంది. తప్పు ఇద్దరిదీ కాకుండా ఇంకెక్కడో జరిగి, మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినా అంతేనంది. ఖాతాదారుదే తప్పని రుజువుచేసే భారాన్ని బ్యాంకు మీద పెట్టింది. కాని ఖాతాదారు తన రహస్య వివరాలు ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదేనని కూడా అందులో ఉంది. భయపెట్టి చెప్పించుకున్నా, నమ్మించి చెప్పించుకున్నా, చెప్పడమంటే చెప్పడమే. పోలీసు దుస్తుల్లో తెర మీద కనిపించి, అరెస్టు చేశామని గంటల తరబడి కదలనివ్వని మోసాలను నిర్లక్ష్యమనే మాటతో కొలవడం న్యాయమేనా?

మరో వైపు, మన వివరాలను మూటలు కట్టి దాచుకున్న పెద్ద సంస్థల గోదాములకే కన్నాలు పడుతుంటాయి. కంచే చేను మేసినట్టు, వివరాలు సేకరించినవాళ్లే వాటిని అమ్ముకున్న సందర్భాలూ లోకమంతటా బయటపడ్డాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. వ్యక్తుల వివరాల రక్షణకు చట్టం చేయడానికి 2023 దాకా పట్టింది. ఆ చట్టంలోనూ ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులిచ్చే వీలు ఉంచుకున్నారు. కాబట్టి భద్రత అన్న మాట వినపడ్డప్పుడు మనం మొదట అడగవలసింది – ఎవరికి భద్రత, ఎవరి నుంచి?

5

ఈ ప్రశ్న ఫోనుకు రెండో చివర ఉన్నవాడికి కూడా వర్తిస్తుంది. మోసగాడు అనగానే దురాశాపరుడైన ఒక తెలివైన దొంగను మనం ఊహించుకుంటాం. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం ఆ ఊహను తలకిందులు చేసింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలు ఇప్పిస్తామని ఏజెంట్లు నిరుద్యోగ యువకుల దగ్గర డబ్బు తీసుకుని కంబోడియాకు పంపారు. అక్కడ వాళ్లను నిర్బంధించి, మన దేశంలోని మనుషులకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. మాట వినకపోతే హింస. ఆ యువకుల్లో కొందరు ఎదురుతిరిగారు. తరవాత కొందరిని వెనక్కి రప్పించగలిగారు.

ఈ సంఘటనలో మన చరిత్ర అంతా ఉంది. ఒకవైపు తీరికవేళ ఫోను పట్టుకుని కూర్చున్న మనిషి. మరోవైపు తీరికే లేని, బయటికి పోయే దారిలేని, 1881 చట్టం కూడా వర్తించని చోట పనిచేస్తున్న మనిషి. ఇద్దరూ ఒకే భాష మాట్లాడేవాళ్లు కావచ్చు, ఒకే జిల్లావాళ్లు కావచ్చు. ఒకరిని జాగ్రత్తగా ఉండమని, మరొకరిని నేరస్తుడని చెప్పి ఊరుకునే భద్రతా ప్రచారం ఇద్దరికీ మధ్యనున్న మూడోవాడి జోలికి పోదు. గడీలో వెట్టి పోయిందనుకున్నాం. అది కొత్త యంత్రాల ముందు మళ్లీ కూర్చుంది.

6

రచయితలుగా ఇందులో మనకు పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఉంది. మన కథల్లో చేతిఫోను చాలాకాలంగా కనిపిస్తూనే ఉంది. కాని అది ఎక్కువగా రెండు రకాలుగానే కనిపిస్తుంది. పిల్లల్ని పాడుచేసే వస్తువుగానో, మనుషుల మధ్య దూరం పెంచే వస్తువుగానో. ఈ రెండూ నీతిబోధలే. ఫోను ముందు కూర్చున్నవాడి బలహీనతను చూపిస్తాయి గాని, ఆ ఫోను వెనక ఉన్న సంబంధాలను చూపించవు. ఇస్త్రీ బండి దగ్గర అంకెలు నొక్కే అమ్మాయికి తండ్రి ఆదాయం పైసలతో సహా తెలుసు. ఆ తెలియడం ఆ ఇంట్లో అధికారాన్ని ఎటు మార్చింది? ఇంటిపనిలో మిగిలిన అరగంటను ఫోనులో గడిపే స్త్రీని సోమరి అనే అత్తగారికీ, ఆ అరగంటను లెక్కగట్టి అమ్ముకునే సంస్థకూ మధ్య ఆమె ఎలా బతుకుతోంది? కంబోడియా నుంచి తిరిగి వచ్చిన కుర్రవాడు ఊళ్లో తాను చేసిన పనిని ఏమని చెప్పుకుంటాడు? వీటికి నివేదికల్లో జవాబులుండవు. కథకు, నవలకు మాత్రమే వీలైన జవాబులివి.

విమర్శకులకూ, సాహిత్య విద్యార్థులకూ పని ఉంది. గ్రంథాలయోద్యమాన్నీ ప్రజానాట్యమండలినీ మనం సాహిత్య చరిత్రలో ప్రచార సాధనాలుగా చదువుతున్నాం. వాటిని తీరిక చరిత్రలో భాగంగా కూడా చదవాలి. కార్మికుడు గెలుచుకున్న సాయంత్రాన్ని సమష్టిగా గడిపే పద్ధతులను అవి నిర్మించాయి. కలిసి చదివేచోట ఒకడు మోసపోతే పక్కవాడు చెప్పేవాడు. ఇవాళ మనిషిని ఒంటరిగా తెర ముందు కూర్చోబెట్టి, ఒంటరిగానే కాపలా కాసుకోమంటున్నారు. ఒక్కడే మేలుకుని కాపలా కాసే చేనుకు ఎంత రక్షణ ఉంటుందో రైతుకు చెప్పనక్కర్లేదు.

ఆదివారం సమష్టిగా పోరాడితే వచ్చింది. తన కాలమూ తన రహస్యమూ తనకే దక్కే హక్కు కూడా పాస్‌వర్డు మార్చుకోవడం వల్ల రాదు. ఖాతాదారుల సంఘాలు, ఉద్యోగుల యూనియన్లు, గ్రంథాలయాలు ఈ విషయాన్ని తమ ఎజెండాలోకి తీసుకోవాలి. వాళ్లు తీసుకునేలోపు, జరుగుతున్నదాన్ని దాని అసలు పేరుతో పిలవడం రచయితలు చేయగల పని. నిర్లక్ష్యం అని రాసి ఉన్న చోట దోపిడీ అని చదవగలిగే పాఠకుణ్ణి తయారుచేయడం ఆ పనిలో మొదటి మెట్టు.